ల్యాప్‌టాప్‌కు వైఫై సరిగా అందనప్పుడు ఏ కార్డు కొనాలి, ఎప్పుడు కొనకూడదు

శ్రీకాకుళం పాత వీధుల్లోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉమ్మడి గోడలతో వరుసగా కట్టిన పొడవాటి ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. వీధి అరుగు, దాని వెనుక సావిడి, నట్టిల్లు, వంటిల్లు, ఆఖరున పెరటి గది, అన్నీ రైలు పెట్టెల మాదిరిగా ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. ఫైబర్ తీగ వీధి స్తంభం మీద నుంచి వస్తుంది కనుక, బిగించడానికి వచ్చిన కుర్రవాడు రౌటర్‌ను సావిడి గుమ్మం పైన మేకుకు తగిలించి వెళ్తాడు. చదువుకొనే పిల్లలకూ, ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారికీ ఇచ్చేది మాత్రం సద్దు లేని పెరటి గది. రౌటర్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య మందపాటి పాత ఇటుక గోడలు మూడు, నట్టింట్లో అద్దం బిగించిన ఇనుప బీరువా, వంటింట్లో ఫ్రిజ్ అడ్డుపడతాయి.

నరసన్నపేటలో ఉండే మా మేనల్లుడిది ఇలాంటి ఇల్లే. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. "మావయ్యా, అదే మంచం మీద కూర్చుంటే ఫోనుకు నెట్ వస్తోంది, ల్యాప్‌టాప్‌కే రావట్లేదు. మంచి వైఫై కార్డు ఏదో చెప్పు, ఇవాళే ఆర్డరు పెడతాను" అని అడిగాడు. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతూ ఉంటారు, కాని అతను తనకు తెలియకుండానే అందులో చాలా విలువైన సమాచారం చెప్పాడు. అదే చోట ఫోనుకు బాగా అంది ల్యాప్‌టాప్‌కు అందకపోతే లోపం ల్యాప్‌టాప్‌లో ఉన్నట్లు, దానిలో వైఫైని నడిపే చిన్న పలక అయిన కార్డు గురించి ఆలోచించడంలో అర్థం ఉన్నట్లు. ఫోనుకు కూడా అందకపోతే గోడల సంగతి, రౌటర్ సంగతి చూడాలి. అప్పుడు ఎంత ఖరీదైన కార్డు వేసినా పెరటి గదికి వచ్చే సిగ్నల్ రెట్టింపు కాదు. కనుక డబ్బు ఖర్చు పెట్టే ముందు ఫోనునూ ల్యాప్‌టాప్‌నూ పక్కపక్కన పెట్టి చూడడం మొదటి పని.

కొలవకుండా కొనవద్దు

వైఫై గుర్తులో ఎన్ని గీతలు కనిపిస్తున్నాయన్నది నమ్మదగిన కొలత కాదు. సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే కొలమానంలో చెబుతారు. అది ఎప్పుడూ మైనస్ అంకెగా ఉంటుంది, సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత బలం. మైనస్ 50 అంటే చాలా బాగున్నట్లు. మైనస్ 67 వరకు వీడియో కాల్ నిలకడగా నడుస్తుంది. మైనస్ 75 దాటితే మాట తెగుతుంది. మైనస్ 80 దాటితే కనెక్ట్ అయినట్లు చూపించినా పని జరగదు. ఈ లెక్కలో 3 అంకెల తేడా అంటే శక్తి రెట్టింపో సగమో అయినట్లు, 10 అంకెల తేడా అంటే పది రెట్లు. అందువల్ల మైనస్ 70కీ మైనస్ 76కీ మధ్య తేడా చూడడానికి చిన్నదిగా ఉన్నా, అది నాలుగింట మూడు వంతుల శక్తిని పోగొట్టుకోవడం.

ఫోనులో ఈ అంకెను చూపించే వైఫై ఎనలైజర్ యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. విండోస్ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో ఇంటర్ఫేసెస్' అనే ఆదేశాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే సిగ్నల్ శాతం, చానెల్, ఏ ప్రమాణంలో కలిసి ఉన్నదీ కనిపిస్తాయి. సుమారుగా 100 శాతం అంటే మైనస్ 50, 50 శాతం అంటే మైనస్ 75 అనుకోవచ్చు. ఒక కాగితం మీద సావిడి, నట్టిల్లు, వంటిల్లు, పెరటి గది అని రాసుకొని, ప్రతిచోటా గుమ్మంలో ఒకసారి, గది మధ్యలో ఒకసారి కొలిచి పెట్టుకోవాలి. మా ఇంట్లో నేను ఇలా కొలిచినప్పుడు సావిడిలో మైనస్ 40, నట్టింట్లో మైనస్ 56, వంటింటి గుమ్మంలో మైనస్ 63 వచ్చాయి. అదే వంటింట్లో రెండడుగులు పక్కకు జరిగి ఫ్రిజ్ వెనుక నిలబడితే మైనస్ 74కు పడిపోయింది. రెండడుగుల్లో పోయిన ఆ 11 అంకెలను తిరిగి తేగల కార్డు బజారులో లేదు.

ఈ కొలతలు తీసేటప్పుడే రౌటర్‌ను ఒక గది లోపలికి జరపడానికి వీలుందేమో చూడాలి. ఫైబర్ తీగను మరో పది మీటర్లు పొడిగించి నట్టింట్లో, బీరువాకు దూరంగా, తల ఎత్తుకు పైన పెట్టించగలిగితే చాలా ఇళ్లలో కార్డు అవసరమే ఉండదు.

కార్డు చేసే పని, యాంటెన్నా చేసే పని

ల్యాప్‌టాప్ లోపలి వైఫై కార్డు సుమారు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు ఉన్న చిన్న పలక. సిగ్నల్‌ను గాలిలోంచి పట్టుకొనేది అది కాదు. పట్టుకొనే యాంటెన్నాలు చాలా ల్యాప్‌టాప్‌లలో తెర చుట్టూ ఉండే చట్రంలో, ఎక్కువగా పై అంచున ఉంటాయి. కొన్నింటిలో కీలు దగ్గర ఉంటాయి. అక్కడి నుంచి దారం లాంటి సన్నని తీగలు కీలు గుండా కిందికి దిగి కార్డు మీది చిన్న గుండీల్లాంటి కనెక్టర్లకు తగులుకుంటాయి. కార్డు మార్చినా ఆ యాంటెన్నాలు పాతవే ఉంటాయి. కొత్త కార్డు వేయగానే సిగ్నల్ గీతలు నిండుతాయని ఆశపడేవారు ముందుగా గ్రహించవలసింది ఇదే. ఒకే యాంటెన్నాతో పాత కార్డుకు మైనస్ 76 చూపించిన చోట కొత్త కార్డుకు మైనస్ 73 చూపిస్తే అది మంచి ఫలితమే.

మరి కార్డు మార్చడం వల్ల లాభమెక్కడ వస్తుంది? ముఖ్యంగా రెండు చోట్ల. మొదటిది యాంటెన్నాల సంఖ్య. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఏళ్ల తరబడి ఒకే యాంటెన్నాతో పనిచేసే కార్డులు పెట్టారు. రియల్‌టెక్ ఆర్‌టీఎల్8723 వరుసలోని బీఈ, డీఈ కార్డులు ఒకే యాంటెన్నావి, పైగా వైఫై ఎక్కువగా నడిచే రెండు రేడియో తరంగాల వరుసల్లో (బ్యాండ్లలో) 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు మాత్రమే తెలిసినవి. క్వాల్‌కామ్ క్యూసీఏ9377, రియల్‌టెక్ ఆర్‌టీఎల్8821సీఈ కార్డులకు 5 గిగాహెర్ట్జ్ తెలుసు కాని, అవీ ఒక్క యాంటెన్నావే. గోడలకు తగిలి చెదిరి వచ్చే సిగ్నల్ ఒక యాంటెన్నా ఉన్న చోట బాగా పడిపోయినా, జానెడు దూరంలో ఉన్న రెండో యాంటెన్నా దగ్గర బాగానే ఉండవచ్చు. రెండింటినీ కలిపి వినగల కార్డు బలహీనమైన చోట గట్టిగా నిలబడుతుంది. రెండోది బ్యాండు. వీధిలో ప్రతి ఇంటికీ ఒక రౌటర్ ఉన్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు సంతలా ఉంటుంది. అందులో ఒకదానితో ఒకటి రాచుకోకుండా ఉండే చానెళ్లు 1, 6, 11 అని మూడే. బ్లూటూత్, మైక్రోవేవ్ పొయ్యి కూడా అక్కడే పనిచేస్తాయి. సిగ్నల్ మైనస్ 55 ఉన్నా వేగం రావడం లేదంటే చాలాసార్లు కారణం ఈ రద్దీయే. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ. మన దేశంలో 2018లో ఆ బ్యాండులో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు అవసరం లేకుండా వాడుకోవడానికి విడిచిపెట్టారు.

అయితే 5 గిగాహెర్ట్జ్‌ను దూరానికి మందుగా అమ్మేవారి మాట నమ్మవద్దు. గోడలు లేని ఖాళీ చోటే అది 2.4 కన్నా ఆరేడు డెసిబెల్స్, అంటే పైన చెప్పిన లెక్కలో ఆరేడు అంకెలు, తక్కువగా చేరుతుంది. గోడ గోడకూ ఇంకా ఎక్కువ పోగొట్టుకుంటుంది. పక్క గది దాకా 5, దాని అవతల 2.4 అన్నది మా ప్రాంతపు పాత ఇళ్లకు నేను వాడే మోటు లెక్క.

ఒక యాంటెన్నా కార్డు ఉన్న నా ల్యాప్‌టాప్‌ను విప్పి చూస్తే, తెరలోంచి రెండు తీగలు వస్తున్నాయి. నల్ల తీగ కార్డుకు తగిలించి ఉంది. తెల్ల తీగ కొసకు ప్లాస్టిక్ తొడుగు వేసి పక్కన టేపుతో అంటించి ఉంది. అంటే యాంటెన్నా సిద్ధంగా ఉన్నా దాన్ని వినే కార్డు లేదు. దాని స్థానంలో రెండు యాంటెన్నాల ఇంటెల్ ఏఎక్స్210 వేసిన తరువాత పెరటి గదిలో సిగ్నల్ అంకె మైనస్ 77 నుంచి మైనస్ 74కు మాత్రమే మారింది. కాని డౌన్‌లోడ్ వేగం 5 ఎంబీపీఎస్ దగ్గర తడబడుతున్నది 20 దాటి నిలకడగా నిలిచింది. క్లాసు మధ్యలో తెగిపోవడం ఆగింది. అంకెను మాత్రమే చూసి ఉంటే ఈ మార్పును వృథా అనుకొనేవాణ్ణి.

లోపలి కార్డు మార్చాలనుకొనేవారికి

ఇక్కడే ఎక్కువ మంది మోసపోతారు, అందుకని కొంత వివరంగా చెబుతాను. ముందు మీ ల్యాప్‌టాప్‌లో కార్డు విప్పడానికి వీలైనదేనా, లేక మదర్‌బోర్డుకే సోల్డరు చేసి ఉందా అన్నది చూడాలి. సన్నని కొత్త ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి సోల్డరే ఉంటుంది, వాటి విషయంలో ఈ దారి మూసుకుపోయినట్లే. విప్పగలిగే వాటిలో, సుమారు 2014కు ముందు వచ్చిన వాటిలో మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు (కార్డు కూర్చొనే గాడి) ఎక్కువ. తరువాతి వాటిలో ఎం.2 2230 స్లాటు ఉంటుంది. రెండింటి కార్డులూ ఒకదానికొకటి పట్టవు. తీగల కొసల కనెక్టర్లు కూడా వేరు, ఎం.2 కార్డు మీద ఉండేవి మరీ చిన్నవి. పాత మినీ స్లాటు ఉన్నవారు రెండు యాంటెన్నాలూ రెండు బ్యాండ్లూ ఉన్న ఇంటెల్ 7260 లాంటి కార్డును సెకండ్‌హ్యాండ్‌లో తక్కువ ధరకు చూసుకోవచ్చు.

ఎం.2 స్లాటు ఉన్నవారికి అసలు చిక్కు పేర్లలో ఉంది. ఇంటెల్ కార్డులలో ఏఎక్స్200, ఏఎక్స్210 సొంతంగా పనిచేసే పూర్తి కార్డులు. ఏఎక్స్201, ఏఎక్స్211 చూడడానికి అచ్చం అలాగే ఉంటాయి, స్లాటులో కూడా కూర్చుంటాయి. కాని వాటి పనిలో కొంత భాగం ప్రాసెసర్ వైపు చిప్‌లో ఉంటుంది. ఈ ఏర్పాటును సీఎన్‌వీఐ అంటారు. కొన్ని తరాల ఇంటెల్ ప్రాసెసర్ల పక్కన తప్ప అవి మేల్కోవు. ఏఎండీ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో అసలే పనిచేయవు. నేను ఒకసారి బంధువు ఒకరి ఏఎండీ ల్యాప్‌టాప్ కోసం, ఏ ల్యాప్‌టాప్‌కైనా సరిపోతుందని అమ్మకందారు గట్టిగా చెప్పిన మీదట ఏఎక్స్211 తెప్పించాను. బిగించి ఆన్ చేస్తే, విండోస్‌లో పరికరాల జాబితా చూపించే డివైస్ మేనేజర్‌లో దాని పేరే లేదు. కార్డు పాడైందనుకొని రెండు సాయంత్రాలు, కార్డును విండోస్‌తో మాట్లాడించే డ్రైవర్ ప్రోగ్రాముల చుట్టూ తిరిగిన తరువాత గాని అసలు సంగతి బోధపడలేదు. చివరి అంకె ఒకటైతే సీఎన్‌వీఐ, సున్నా అయితే పూర్తి కార్డు అని ఈ నాలుగు పేర్ల వరకు గుర్తుపెట్టుకుంటే చాలు.

ఏఎండీ ల్యాప్‌టాప్‌కు ఏఎక్స్200, ఏఎక్స్210 రెండూ పనిచేస్తాయి. మీడియాటెక్ ఎంటీ7921, ఎంటీ7922 కార్డులు కూడా రెండు యాంటెన్నాలవే. పాత ఒక్క యాంటెన్నా కార్డు నుంచి వచ్చేవారికి అవీ మంచి మెట్టే. వైఫైలో కొత్త తరమైన వైఫై 7 కావాలని ఇంటెల్ బీఈ200 కొనేవారు అది ఏఎండీ ల్యాప్‌టాప్‌ల కోసం ఉద్దేశించినది కాదని తెలుసుకోవాలి. పైగా విండోస్‌లో వైఫై 7 పనిచేయాలంటే విండోస్ 11 24హెచ్2 గాని ఆపైది గాని ఉండాలి. సిగ్నల్ అందడం లేదన్న బాధకు వైఫై 7 మందు కాదు. దాని గొప్పదనం రౌటర్‌కు దగ్గరగా ఉన్నప్పుడు కనిపించే వేగంలో ఉంది. ఏఎక్స్210కి తెలిసిన 6 గిగాహెర్ట్జ్ విషయమూ అంతే. మన దేశంలో 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న భాగాన్ని లైసెన్సు లేకుండా వాడుకొనేందుకు కేంద్ర టెలికాం శాఖ 2025 మే నెలలో ముసాయిదా నియమాలు వెలువరించింది. కాని ఆ బ్యాండు గోడల ముందు 5 గిగాహెర్ట్జ్ కన్నా ఇంకా మెత్తన. ఏఎక్స్210ని నేను మెచ్చుకొనేది ఆ బ్యాండు కోసం కాదు. రెండు యాంటెన్నాలతో 2.4, 5 బ్యాండ్లలో నిలకడగా పనిచేస్తుంది, విండోస్ 10, 11లలోనూ, 5.10 నుంచి మొదలయ్యే లినక్స్ కెర్నెళ్లలోనూ డ్రైవర్ల బెడద ఉండదు. విండోస్ 7 ఇంకా వాడుతున్నవారికి మాత్రం ఏఎక్స్200కు గాని ఏఎక్స్210కు గాని ఇంటెల్ డ్రైవర్ ఇవ్వలేదు.

ఇంకొక అడ్డంకి బయాస్‌లో, అంటే ల్యాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే లోపలి ప్రోగ్రాములో, ఉంటుంది. పాత లెనోవో థింక్‌ప్యాడ్‌లలో, హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో కంపెనీ ఆమోదించిన కార్డుల జాబితా ఉండేది. ఆ జాబితాలో లేని కార్డు వేస్తే ఆన్ చేయగానే థింక్‌ప్యాడ్ 1802 అనే సంఖ్యతోనూ, హెచ్‌పీ 104 అనే సంఖ్యతోనూ అభ్యంతరం చూపించి ముందుకు సాగేవి కావు. మీ ల్యాప్‌టాప్ ఆ కాలానిదైతే మోడల్ పేరుతో వెతికి, అదే మోడల్‌లో ఎవరైనా ఆ కార్డు వేసి పనిచేయించారని నిర్ధారించుకున్న తరువాతే కొనాలి.

ఇక బిగించేటప్పుడు చేతికి తెలియవలసిన సంగతి ఒకటి ఉంది. పవర్ తీసి, బ్యాటరీ కనెక్టర్ విప్పిన తరువాత, పాత తీగను లాగకూడదు. తల కింద గోరు దూర్చి నిలువుగా పైకి ఎత్తాలి. కొత్త కార్డు మీద తగిలించేటప్పుడు ఆవగింజ కన్నా కొంచెం పెద్దదైన ఆ ఇత్తడి ఉంగరాన్ని కనెక్టర్ మీద సరిగ్గా కూర్చోబెట్టి, వేలి కొసతో అటూ ఇటూ కొద్దిగా కదిపి చూడాలి. జారకుండా నిలిచిందనిపించినప్పుడు నిలువుగా నొక్కితే టక్‌మని చిన్న చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు రాకుండా బలంగా నొక్కితే ఉంగరం నలిగిపోతుంది, ఆ తరువాత అది ఏ కార్డుకూ పట్టదు. ఇవి పదేపదే తీసి పెట్టడానికి చేసినవి కావు, కనుక ఆటగా తీసి చూడవద్దు. చేయి వణికేవారు, కళ్లజోడు లేనిదే చూడలేనివారు ఈ పనిని ఊళ్లో తెలిసిన మెకానిక్‌కు అప్పగించడం మేలు.

సముద్రతీరంలో ఉండేవారికి విడిగా ఒక మాట చెప్పాలి. కళింగపట్నం వైపు ఉండే ఒక మిత్రుడు తన ల్యాప్‌టాప్‌కు కొత్త కార్డు వేయమని తెచ్చాడు. వెనుక మూత తీసి చూస్తే రెండు కనెక్టర్లలో ఒకదాని చుట్టూ పచ్చగా చిలుము పట్టి ఉంది. ఉప్పుగాలి చేసిన పని. రెండు తీగలనూ విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తని బ్రష్షుతో తుడిచి, ఆరాక తిరిగి తగిలిస్తే సిగ్నల్ 12 అంకెలు పెరిగింది. కొత్త కార్డు అక్కరలేకపోయింది. ఒకప్పుడు బాగా అందిన ల్యాప్‌టాప్‌కు ఉన్నట్టుండి అందడం మానేస్తే, ముఖ్యంగా కింద పడ్డాక గాని, తెర కీలు బాగుచేయించాక గాని అలా జరిగితే, కార్డును అనుమానించే ముందు ఆ తీగలను చూడాలి.

బయట తగిలించే యూఎస్‌బీ అడాప్టరు

యూఎస్‌బీ అడాప్టర్లలో గోరంత ఉండే నానో రకం ఒకటి, వేలెడంత యాంటెన్నా నిటారుగా నిలబడే రకం మరొకటి. నానో రకాన్ని సిగ్నల్ పెంచుకోవడానికి కొనవద్దని గట్టిగా చెబుతాను. అంత చిన్న దానిలో పట్టే యాంటెన్నా ల్యాప్‌టాప్ తెరలో ఉన్నదానికన్నా తీసికట్టే. లోపలి కార్డు పూర్తిగా చచ్చిపోయినప్పుడు, రౌటర్ ఉన్న గదిలోనే కూర్చొనేవారికి మాత్రం అది చాలు.

యాంటెన్నా ఉన్న రకానికి మా పొడవాటి ఇళ్లలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. దాన్ని ల్యాప్‌టాప్‌కే గుచ్చాలన్న నియమం లేదు. మూడు మీటర్ల యూఎస్‌బీ పొడిగింపు తీగ చివర తగిలించి, పెరటి గది గుమ్మం దాటించి, వంటింటి వైపు గోడకు మేకుకు వేలాడదీయవచ్చు. ఒక గోడను తప్పించడం ఏ యాంటెన్నా గొప్పదనానికైనా మించిన లాభం. టీపీ-లింక్ ఆర్చర్ టీ2యూ ప్లస్ లాంటి రెండు బ్యాండ్ల అడాప్టరు ఈ మధ్య సుమారు వెయ్యి రూపాయలకు దొరుకుతోంది. అది యూఎస్‌బీ 2.0ది, 5 గిగాహెర్ట్జ్‌లో కాగితం మీది వేగం 433 ఎంబీపీఎస్. ఇంటికి 100 ఎంబీపీఎస్ లోపు ఫైబర్ ప్లాను ఉన్నవారికి అంతకు మించి అవసరం లేదు. యూఎస్‌బీ 2.0 తీగను ఐదు మీటర్లకు మించి పొడిగించవద్దు.

యూఎస్‌బీ 3.0 అడాప్టరు కొనేవారు ఒక చిక్కును గమనించాలి. యూఎస్‌బీ 3.0 పోర్టూ తీగా పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రేడియో రొద పుట్టిస్తాయి. 2012లో ఇంటెల్ ఈ సంగతిని ఒక పత్రంలో వివరించింది. పక్క పోర్టులో హార్డ్‌డిస్కు తగిలించగానే వైఫై నీరసించిపోవడానికి ఇదే కారణం. అడాప్టరును తీగతో దూరం జరపడం ఇక్కడ కూడా మందు. లినక్స్ వాడేవారు మోడల్ పేరు చూసి ఊరుకోక, లోపలి చిప్ ఏదో తెలుసుకొని కొనాలి. ఒకే పేరుతో, వెర్షన్ మారినప్పుడు చిప్ మారిన సందర్భాలున్నాయి. టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ మొదటి వెర్షన్‌లో ఏథెరాస్ చిప్, రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్ చిప్ వచ్చాయి.

ఈ అడాప్టరుకున్న లోపాలూ చెప్పాలి. పోర్టు ఒకటి పోతుంది. బ్యాటరీ కొంత త్వరగా అయిపోతుంది. బస్సులోనో రైల్లోనో పోయేవారికి పొడుచుకొచ్చే యాంటెన్నా ఇబ్బంది. అయినా అద్దె ఇంట్లో, హాస్టల్లో ఉండేవారికి, వారంటీ ఉన్న ల్యాప్‌టాప్‌ను విప్పడం ఇష్టం లేనివారికి, కార్డు సోల్డరు చేసి ఉన్నవారికి నా మొదటి సలహా ఇదే. పాత ల్యాప్‌టాప్‌ల పక్కన ఉండే ఎక్స్‌ప్రెస్‌కార్డు స్లాటు కోసం ఎవరైనా కార్డు అమ్మజూపితే మాత్రం ఆ డబ్బు యూఎస్‌బీ అడాప్టరుకు పెట్టండి.

తీగ వేయించడమే నయమైన చోట్లు

ఇల్లు సొంతమైతే, పెరటి గదిలో ఇద్దరు ముగ్గురు రోజూ పనిచేస్తుంటే, ఫోనుకు కూడా అక్కడ అందకపోతే, ఏ కార్డూ కొనకుండా సావిడి రౌటర్ నుంచి పెరటి గదికి క్యాట్6 అనే రకం ఈథర్‌నెట్ (నెట్‌వర్క్) తీగ వేయించి, అక్కడ ఇంకొక చిన్న రౌటర్‌ను యాక్సెస్ పాయింటుగా, అంటే ఆ తీగ మీద వచ్చిన నెట్‌ను ఆ గదిలో వైఫైగా పంచేదిగా, పెట్టించడం మంచిది. ఇంట్లో పడి ఉన్న పాత రౌటర్ కూడా దీనికి పనికొస్తుంది. ఈథర్‌నెట్ తీగ 100 మీటర్ల వరకు లోపం లేకుండా పనిచేస్తుంది కనుక మన ఇళ్ల పొడవు దానికి లెక్క కాదు. గాలిలోనే సిగ్నల్ అందుకొని గాలిలోనే తిరిగి పంపే ఎక్స్‌టెండరుకు దీనికి మధ్య చాలా తేడా ఉంది. ఒకే రేడియోతో పనిచేసే ఎక్స్‌టెండరు వేగాన్ని సుమారు సగానికి తగ్గిస్తుంది. పైగా చాలామంది దాన్ని సిగ్నల్ చచ్చిపోయిన గదిలోనే పెడతారు. అది పెట్టవలసింది సిగ్నల్ ఇంకా మైనస్ 65 లోపల ఉన్న నడిమి గదిలో.

కొన్న తరువాత సెట్టింగుల్లో ఒకటి రెండు చూసుకోవాలి. ఇంటెల్ కార్డు లక్షణాల్లో ఏ బ్యాండుకు మొగ్గు చూపాలో చెప్పే చోటు ఉంది. పెరటి గదిలో ఉండేవారు 2.4ను, సావిడిలో ఉండేవారు 5ను ఎంచుకుంటే, రెండింటి మధ్య మాటిమాటికి దూకుతూ తెగిపోవడం తగ్గుతుంది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు కార్డును నిద్రపుచ్చే పొదుపు ఏర్పాటు ఉంటే దాన్ని తీసేయాలి. ఈ పని కార్డు కొనక ముందు కూడా చేసి చూడవచ్చు, ఖర్చు లేదు. పాత కార్డును పారేయకుండా కొత్త దాని కవరులో పెట్టి ఉంచండి. ల్యాప్‌టాప్‌ను సర్వీసుకు ఇవ్వవలసి వచ్చినప్పుడు దాన్నే తిరిగి వేసి ఇవ్వడం క్షేమం.

మేనల్లుడి ల్యాప్‌టాప్‌ను పోయిన నెల నరసన్నపేట వెళ్లినప్పుడు విప్పి చూశాను. 2.4 మాత్రమే తెలిసిన ఒక్క యాంటెన్నా రియల్‌టెక్ కార్డు ఉంది. తెరలోంచి వచ్చే తీగ కూడా ఒక్కటే, రెండో యాంటెన్నా అసలు పెట్టలేదు. అలాంటి దానిలో రెండు యాంటెన్నాల కార్డు వేస్తే సగమే పనిచేస్తుంది కనుక ఏఎక్స్210 వద్దన్నాను. యాంటెన్నా ఉన్న యూఎస్‌బీ అడాప్టరును మూడు మీటర్ల తీగతో వంటింటి గుమ్మం పక్కన వేలాడదీశాం. మంచం దగ్గర మైనస్ 79 ఉన్నది ఆ చోట మైనస్ 64 చూపించింది, ఆ రాత్రే అతను రెండు గంటల ల్యాబ్ రికార్డింగు తెగకుండా చూశాడు. సంక్రాంతికి గోడలకు సున్నం వేయించేటప్పుడు వాసాల వెంట క్యాట్6 తీగ కూడా లాగిస్తానని బావగారు ఒప్పుకున్నారు. దానికి కావలసిన పొడవు సావిడి గుమ్మం నుంచి పెరటి గది దాకా టేపు పెట్టి కొలిచాం, మూలల దగ్గర వంపులకు విడిచిన దానితో కలిపి 24 మీటర్లు వచ్చింది.